లోపలమ్మ వైద్యం

ఆ గురువారం ఉదయం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ముందుగదిలో తెరకు ఇవతల తన కుర్చీలో వైద్యుడు, తెరకు అవతల బల్లల మీద ఏడుగురు ఆడవాళ్ళు, గుమ్మం పక్కన దగ్గుతూ ఒక లారీ డ్రైవరు, వంటింట్లో పొయ్యి దగ్గర పీట మీద వైద్యుడి తల్లి, వంటింటికీ ముందుగదికీ మధ్య తలుపు దగ్గర చీటీలు అందించడానికి పదిహేనేళ్ళ కూతురు. లేనిది ఒక్క లోపలమ్మే.

లోపలమ్మ అనేది ఆమె పేరు కాదు. పేరు హాల్ టికెట్ మీద ఉంది. భర్త ఆమెను "ఇదిగో" అని పిలుస్తాడు. అత్తగారు "అమ్మాయ్" అంటుంది. ముందుగదిలో కూర్చున్న ఆడవాళ్ళు మంచినీళ్ళు అడిగితే, "లోపల ఆవిడ ఉంటుంది, వెళ్ళి తాగి రండమ్మా" అని వైద్యుడు పంపించేవాడు. ఆ లోపల ఆవిడే పోను పోను లోపలమ్మ అయింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ వీధి మొత్తానికి ఆమె అదే.

ఆ రోజు ఆమెకు నాలుగేళ్ళ చదువుకు ఆఖరి పరీక్ష. నోటితో అడిగే పరీక్ష. అది గట్టెక్కితే ఆయుర్వేదం, ప్రకృతి వైద్యం చేసుకోవడానికి ఆమె పేరు మీద అనుమతి వస్తుంది. బుధవారం అంతా కరక్కాయలు దంచి, పొడి గుడ్డలో జల్లించి, సీసాలకు ఎత్తింది. గురువారం తెల్లవారకముందే లేచి తిప్పతీగ కషాయం పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు నాలుగో వంతుకు మరిగాక దించమని అత్తగారికి రెండుసార్లు చెప్పింది. మరిగిన గుర్తు తెలియాలని గిన్నె లోపలి అంచుకు బొగ్గుతో గీత కూడా గీసింది. భర్త పళ్ళు తోముకుంటూ, "ఒక్క పూటే కదా, మేం చూసుకుంటాంలే" అన్నాడు. ఆ మేంలో ఆయన లేడని, అంటే తల్లీ కూతురూ అని ఆమెకు తెలుసు. అయినా ఆ మాట పట్టుకుని బస్సెక్కింది.

ఆ ఇంట్లో పని ఎలా నడుస్తుందో చెబితే తప్ప ఆ తర్వాత జరిగింది అర్థం కాదు. వైద్యుడికి ఆ వృత్తి తండ్రి నుంచి వచ్చింది. చెయ్యి పట్టుకుని నాడి చూసి జబ్బు చెబుతాడని పేరు. ముఖం చూస్తే మనసు పక్కకు పోతుందని గది మధ్యలో తెర కట్టించాడు. రోగి తెర అవతల కూర్చుని చెయ్యి ఇవతలికి చాపాలి. ఆయన కళ్ళు మూసుకుని మణికట్టు పట్టుకుంటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి చెబుతాడు. విన్నవాళ్ళు నోరు వెళ్ళబెడతారు.

రోగుల పేర్లు చీటీల మీద రాసి ముందుగదిలోకి పంపడం లోపలమ్మ పని, ఆమె అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఇస్త్రీ చేసే ఆవిడ నీళ్ళకని వంటింట్లోకి వచ్చి, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "తెర అవతల మగ చెయ్యమ్మా, ఆయనకెలా చెప్పను. రెండు నెలలుగా ఆగకుండా రక్తం పోతోంది" అంది. లోపలమ్మ మధ్య తలుపు దగ్గరికి వెళ్ళి ఆ మాట భర్త చెవిలో వేసింది. ఆయన చిరాకు పడ్డాడు. "అందరి ముందూ ఆ గుసగుసలేంటి. కాగితం మీద రాయకు, ఎవరైనా చదువుతారు. చీటీ మూల మడిచి పెట్టు, నేను చూసుకుంటాను" అన్నాడు.

అలా మొదలైంది. పై కుడి మూల మడిస్తే నెలసరి బాధ. పై ఎడమ మూల అయితే నెల తప్పింది. కింద కుడి మూల నిద్ర లేకపోవడం, దిగులు. కింద ఎడమ మూల ఇంట్లో దెబ్బలు. మొదట్లో ఆమెకు అది మొగుడూ పెళ్ళాల మధ్య గుట్టుగా నడిచే ముచ్చటలా ఉండేది. చీటీ మడిచి పంపి, తలుపు సందులోంచి ఆయన మొహం చూసేది. ఆయన చీటీ అందుకుని, మడత మీద బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఆ బొటనవేలు తన చెయ్యి పట్టుకున్నట్టే అనిపించేది ఆమెకు. ఇరవై రెండేళ్ళ పిల్లకు అంతకంటే ఏం కావాలి.

అది ఎప్పుడు మారిందో కూడా ఆమెకు గుర్తుంది. ఒక మధ్యాహ్నం కూరగాయలమ్మే ఆవిడ వంటింట్లో కూర్చుని అరగంట ఏడ్చింది. పెద్ద కొడుకు పోయాక కళ్ళు మూతపడటం లేదని, రెప్ప వాలిస్తే వాడి చెప్పుల చప్పుడు వినిపిస్తోందని చెప్పింది. లోపలమ్మ ఆమె వీపు నిమిరి, మొహం కడిగించి, చీటీ కింద కుడి మూల మడిచి పంపింది. మరో పావుగంటకు అదే మనిషి ముందుగదిలోంచి బయటికి నడుస్తూ పక్కావిడతో అంటోంది. "దేవుడే అనుకో. నేను నోరు విప్పలేదు. చెయ్యి పట్టుకుని నా దిగులంతా చెప్పేశాడు." అబద్ధం ఆడటం లేదు ఆవిడ. లోపల చెప్పింది ఆవిడకు నిజంగానే గుర్తు లేదు. మంచినీళ్ళ గ్లాసుకు చెప్పుకున్నట్టు చెప్పుకుని పోయింది. లోపలమ్మ ఆ గ్లాసు కడిగి బోర్లించింది. ఆ నెలాఖరులోనే సాయంత్రం పూట నడిచే కాలేజీ దరఖాస్తు తెప్పించుకుంది.

భర్త కాదనలేదు. "చదువుకో, ఎవరొద్దన్నారు. కషాయాలు ఇంకా శ్రద్ధగా కాస్తావు" అన్నాడు. అత్తగారు మాత్రం, "ఈ వయసులో పుస్తకం పడితే కళ్ళు పోతాయి, ఉన్న పనికే దిక్కు లేదు" అంది. అత్తగారి మాటలో నిష్ఠూరం ఉందిగానీ కనీసం తన కళ్ళ గురించి ఆలోచించింది కదా అనుకుంది లోపలమ్మ. కాలేజీలో పిల్లలు ఆమెను ఆంటీ అనేవాళ్ళు. ప్రాక్టికల్ క్లాసులో మందు నూరాల్సి వస్తే కల్వం ఆమె ముందుకు జరిపి, "ఆంటీ, మీకు అలవాటేగా" అనేవాళ్ళు. ఆమె నూరేది. ఆ పిల్లలు ఆమె నూరిన పొడికి మార్కులు వేయించుకునేవాళ్ళు. ఇంట్లో జరిగేదే ఇక్కడా జరుగుతోందని తెలిశాక, రెండో ఏడు నుంచి కల్వం వెనక్కి జరపడం నేర్చుకుంది. ఆ చదువులో ఆమె నేర్చుకున్న వాటిల్లో అదొకటి. చదివే తీరిక మాత్రం ఎక్కడా దొరికేది కాదు. పుస్తకం కూతురి చేతికిచ్చి తను పొడి జల్లిస్తూ, "అడుగు" అనేది. కూతురు మాటలు తక్కువ పిల్ల. పుస్తకంలోంచి మెల్లగా ప్రశ్న చదివేది. తల్లి జల్లెడ ఆపకుండా జవాబు చెప్పేది. తప్పయితే కూతురు తప్పని అనేది కాదు, ఆ ప్రశ్నే మళ్ళీ చదివేది.

పరీక్ష గదిలో ఎదురుగా కూర్చున్నావిడ పెద్ద వైద్యురాలు, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. పొడుల గురించి, నూనెల గురించి అడిగింది. పట్టణంలో ఏ ఆసుపత్రికి ఎప్పుడు పంపించాలో, ఏ రోగాన్ని మన చేతుల్లో ఉంచుకోకూడదో అడిగింది. అన్నిటికీ లోపలమ్మ జవాబు చెప్పింది. ఆఖర్న ఆవిడ కళ్ళజోడు తీసి, "ఇప్పటిదాకా ఎంతమంది రోగుల్ని చూశారు" అంది.

"ఒక్కరిని కూడా చూడలేదండీ" అంది లోపలమ్మ. తర్వాత ఎందుకో, "విన్నాను" అని కలిపింది.

"ఎంతమందిని?"

"చెప్పలేనండీ. పద్దెనిమిదేళ్ళుగా."

"విన్నదాన్ని ఏం చేశారు?"

మడిచాను అని నోటిదాకా వచ్చింది. అనలేకపోయింది. చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. ఆవిడ ఇంకేమీ అడగకుండా కాగితం మీద ఏదో రాసుకుని, "వెళ్ళి రండి" అంది. బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక ఆ ప్రశ్న మళ్ళీ వచ్చి పక్క సీట్లో కూర్చున్నట్టయింది. బేకరీలో పనిచేసే ఒక అమ్మాయి జ్ఞాపకం వచ్చింది. ఏడాదిన్నర కిందటి మాట. మూడుసార్లు వచ్చింది ఆ అమ్మాయి. మూడుసార్లూ లోపలమ్మ కింద ఎడమ మూల మడిచింది. మూడుసార్లూ భర్త నొప్పుల నూనె ఇచ్చి పంపాడు. నాలుగోసారి ఆ అమ్మాయి రాలేదు. బేకరీలో అడిగితే మానేసిందన్నారు. ఎక్కడికి వెళ్తావు, నీకు ఎవరున్నారు, ఇక్కడ ఆగుతావా అని తను అడగాల్సింది. కాగితం మూల మడిచి చెయ్యి దులుపుకుంది. నూనె ఇచ్చినందుకు ఆయన్ని తప్పు పట్టుకుంటూ ఇంటికి పోవడం తేలిక. కానీ ఆ మడత తన వేళ్ళదే.

ఇంటికి చేరేసరికి రెండయింది. ముందుగది ఖాళీగా ఉంది. తెర ఒక పక్కకు లాగేసి ఉంది. జరిగింది ఆమె ముగ్గురి నోట మూడు రకాలుగా విన్నది.

కూతురు చెప్పలేకపోయింది. చెప్పబోయి దిండులో మొహం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక చెప్పింది. మొదట వచ్చిన రోగి హెడ్మాస్టరమ్మ. ఆడపిల్లల బడిలో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పాదాలు మంటలని మొదటిసారి వచ్చింది. నాన్న తెర ఇవతల చీటీ అందుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి పట్టుకున్నాడు. కాసేపాగి, "శుభవార్త తల్లీ. రెండో నెల నడుస్తోంది. రెండు నాడులు కొట్టుకుంటున్నాయి" అన్నాడు. హెడ్మాస్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. క్లాసులో అడిగినట్టు అడిగింది. "ఆ రెండోది ఎవరిదో కూడా నువ్వే చెప్పాలి బాబూ. నాకు అరవై నాలుగు. పెళ్ళి కూడా చేసుకోలేదు." గుమ్మం పక్కన లారీ డ్రైవరు దగ్గు నవ్వయిపోయిందట.

అత్తగారిది ఇంకో కథ. "నేనేం చేశానమ్మాయ్. రోజూ నువ్వు మడుస్తావుగా, మన ఇంటి అలవాటేమో అనుకున్నాను. నువ్వు లేని లోటు తెలియకూడదని నేనూ మడిచాను. అన్నీ ఒక తీరుగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని ఏడింటికీ ఒకే మూల మడిచాను" అంది. పై ఎడమ మూల. హెడ్మాస్టరమ్మ ముందు కూర్చోబట్టి సరిపోయిందిగానీ, లేకపోతే ఆ ఉదయం ఏడుగురూ కడుపుతో ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు.

వైద్యుడిది ఒక్క మాటే. "నీ పరీక్ష వల్ల నా పరువు పోయింది."

ఆమె చెప్పులు కూడా విప్పలేదు. లోపలినుంచి నవ్వు తన్నుకొస్తోంది, దాని వెనకే ఏడుపు వస్తోంది, ఏది ముందు వచ్చినా రెండోది ఆగదని భయపడి నోరు మూసుకుంది. ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. "వెళ్ళేముందు అమ్మకు చెప్పి వెళ్ళాలని తెలియదా? ఏ మూల దేనికో చెబితే ఏం పోయింది?"

"ఏమని చెప్పమంటారు?" అంది ఆమె.

అప్పుడు అత్తగారు అడిగింది. "ఏ మూల దేనికి ఏంట్రా? ఆ మడత దేనికి?"

వైద్యుడు కిటికీ వైపు తిరిగాడు. లోపలమ్మ చెప్పింది, ఒక్కో మూల గురించి, మెల్లగా. అత్తగారు తల వంచుకుని వింది. విన్నాక కొడుకు వైపు తిరిగింది.

"అయితే నా చెయ్యి పట్టుకుని ఇన్నేళ్ళూ చెప్పిందేంట్రా?"

"నీకు వాతం అమ్మా. వయసు."

"నా చీటీ ఎవరు మడిచారు?"

ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుని, పొయ్యి మీది గిన్నె దించి చూసింది. కషాయం బొగ్గు గీత దాటి అడుగంటింది. దాన్ని పెరట్లో పారబోసి వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇల్లు ఎప్పటిలాగే నడిచింది. వీధిలో జనం కొంత నవ్వుకున్నారు, కొంత మరిచిపోయారు. రోగులు మళ్ళీ వచ్చారు. నీళ్ళకని వంటింట్లోకి వచ్చేవాళ్ళు. లోపలమ్మ వినేది, మడిచేది. మడిచిన ప్రతిసారీ ఆ పొట్టి జుట్టు వైద్యురాలు ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టుండేది. ఆరు వారాలకు ఫలితం వచ్చింది. దాని వెనకే అనుమతి కాగితం వచ్చింది, దళసరి కవరులో. వైద్యుడు కవరు చించి ఆమె పేరు పైకి చదివాడు, ఎవరో పొరుగూరి మనిషి పేరు చదివినట్టు. "నీ పేరు ఇంత పొడుగని నాకు తెలియనే తెలియదు" అని నవ్వాడు. కాగితాన్ని తన మందుల బీరువాలో ఫైలులో పెట్టాడు. తడిస్తే పాడవుతుందట.

ఆయనలో సంతోషం లేకపోలేదు. ఆ సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర ఉండగా వచ్చి పక్కన కూర్చున్నాడు. అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో. జేబులోంచి రంగు కాగితాలు తీశాడు. గులాబీ, పసుపు, నీలం, తెలుపు.

"ఇదిగో, బాగా ఆలోచించాను. మడత వల్లే తప్పు జరిగింది. ఇకనుంచి రంగులు. నెలసరికి గులాబీ, కడుపుకు పసుపు, దిగులుకు నీలం. దెబ్బలకు తెలుపు. అమ్మ రాసినా పాప రాసినా తేడా రాదు. ఇప్పుడు నువ్వు చదువుకున్నదానివి కాబట్టి ఇంకా వివరంగా కూడా పెట్టుకోవచ్చు, ఒక పది రంగుల దాకా."

ఆయన కళ్ళలో నిజంగానే మెరుపు ఉంది. ఈ నాలుగేళ్ళలో ఆమె చదువు ఆయనకు పనికొచ్చే చోటు ఇప్పుడే దొరికింది. ఆమె ఆ కాగితాలు చేతిలోకి తీసుకుంది. చాలా శ్రద్ధగా కత్తిరించాడు, అన్నీ ఒకే కొలత. ఆ శ్రద్ధ చూసి జాలేసింది. జాలి పడితే మళ్ళీ మొదటికి వస్తుందని కూడా తెలుసు. ఎన్నో సాయంత్రాలు జాలితోనే సరే అంది. కాగితాలు నాలుగూ కలిపి ఆయన మోకాలి మీద పెట్టింది.

"నేనింక మడవనండీ. రంగులు కూడా పంపను."

"మరి నాకెలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగా తెలియక అడిగాడు. అందుకే ఆమెకు అంత బాధ కలిగింది.

"అడగండి. అడిగితే చెబుతారు" అంది.

"నన్ను చూసి ఆడవాళ్ళు చెప్పరు. నీకు తెలుసు."

"నాకు చెబుతారు. నేను అడుగుతాను, నేనే చూస్తాను. బీరువాలోంచి నా కాగితం ఇవ్వండి."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. కాగితం ఇవ్వలేదు. మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బీరువా తాళంచెవి పొయ్యి గట్టు మీద ఉంది. అక్కడ ఎవరు పెట్టారో అడగకుండా ఆమె తన కాగితం తెచ్చుకుంది. అత్తగారు గోడవైపు తిరిగి కొబ్బరి పీచు దులుపుతోంది.

లోపలమ్మకు అనుమతి వచ్చిందని విని, ఆ వారమే హెడ్మాస్టరమ్మ సందు వైపు వాకిట్లోంచి వచ్చింది, వంటింటి తలుపు తట్టి. "ముందుగదిలోకి నేను రాను. ఈసారి పురుడు కూడా పోస్తాడు" అంది. లోపలమ్మ నవ్వి స్టూలు వేసింది. తనూ ఎదురుగా కూర్చుంది. కాగితం, పెన్ను తీసుకుంది. అప్పటిదాకా ఎవరు ఏం చెప్పినా నిలబడే వింది, ఒక చెవి ముందుగది వైపు పెట్టి. కూర్చుంటే పనులు ఆగుతాయని భయం. ఇప్పుడు పొయ్యి మీద పాలు ఉన్నాయి. కూతురు వచ్చి మంట తగ్గించింది.

మంటలు ఎన్నాళ్ళనుంచని అడిగింది. దాహం వేస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, గాయం అయితే ఎన్నాళ్ళకు మానుతోంది, ఇంట్లో ఎవరున్నారు, ఒంటరిగా తింటే ఏం తింటారు అని అడిగింది. నాడి చూసింది, నాలుక చూసింది, నేల మీద కూర్చుని రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని వేలు వేలు విడదీసి చూసింది. ఎడమ మడమ దగ్గర ఒక పుండు. హెడ్మాస్టరమ్మకు అది ఉన్నట్టే తెలియదు.

"ముందు రక్తపరీక్ష చేయించుకోవాలండీ. షుగర్ అని నా అనుమానం. రేపు పొద్దున్నే, ఏమీ తినకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఈ పుండు కూడా అక్కడ డాక్టరుకు చూపించాలి."

"నువ్వు మందు ఇవ్వవా?"

"వాళ్ళు ఇచ్చే మందు ముందు వేసుకోండి. తిండి, నడక, పాదాలు చూసుకోవడం, నిద్ర, అవి నా దగ్గర. ఊరికే నూనె ఇచ్చి పంపే పని నేను ఇక చెయ్యను."

హెడ్మాస్టరమ్మ పాదాలు కిందికి దించుకుంది. "నలభై ఏళ్ళు పిల్లల్ని ప్రశ్నలు అడిగాను. నన్ను ఒక్కళ్ళూ పనికొచ్చే ప్రశ్న అడగలేదు" అంది. షుగరేనని తేలింది. ఆ సంగతి ఆవిడ ఊరంతా చెప్పింది, బడిలో గంట కొట్టినట్టు. ఆవిడ మందు గురించి చెప్పలేదు. ఆ అమ్మాయి పాదాలు ఒళ్ళో పెట్టుకుని చూసింది అని చెప్పింది.

ఆడవాళ్ళు సందు వైపు నుంచి రావడం మొదలుపెట్టారు. నీళ్ళు అడగకుండా నేరుగా కూర్చుంటున్నారు. కూతురు ఒక అట్టముక్క మీద తల్లి పేరు రాసి, ఎవరూ చూడకుండా వెళ్ళి సందు తలుపుకు మేకు కొట్టి తగిలించి వచ్చింది. పేరు పొడుగు కాబట్టి రెండు వరసల్లో పట్టింది. లోపలమ్మ ఆ సాయంత్రం చెత్త పారెయ్యడానికి వెళ్ళి దాన్ని చూసింది. చెత్తబుట్ట పట్టుకుని తన పేరు తను చదువుకుంటూ నిలబడింది. పనులు తగ్గలేదు. పొద్దున్నే వంట, ఆయన కషాయాలు, పొడులు అన్నీ చేసే కూర్చుంటోంది. అలసట అంతే ఉంది. అయితే ఈ అలసటకు నిద్ర పడుతోంది. అదే ఆశ్చర్యం.

ముందుగదిలో బల్లలు ఖాళీ అవుతున్న కొద్దీ వైద్యుడి గొంతు పెరిగింది. మొదట నవ్వుతూ అన్నాడు. "మా ఆవిడ డాక్టరమ్మ అయింది, కాఫీ కూడా చీటీ రాస్తేనే ఇస్తుంది." తర్వాత నవ్వకుండా అన్నాడు. "నా పేరు చూసి వచ్చే జనాన్ని వెనకదారిన లాక్కుంటున్నావు." ఆమె ఆలోచించింది. నిజమేమో అని ఒక రోజంతా ఆలోచించింది. వాళ్ళు ఆయన పేరు చూసి వచ్చిన మాట నిజం. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

శనివారం వంటింట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు. అత్తగారు కూడా వాళ్ళ పక్కన బల్ల చివర కూర్చుంది, ఊరికే కబుర్లకన్నట్టు. లోపలమ్మ దర్జీ ఆవిడ నడుము నొప్పి గురించి వింటోంది. మిషను ఎత్తు ఎంత, కూర్చునే బల్ల ఎంత అని అడిగి రాసుకుంటోంది. ముందుగదిలోంచి "ఇదిగో" అని వినిపించింది. మళ్ళీ "ఇదిగో". నాలుగోసారికి మధ్య తలుపు తెరుచుకుంది.

"పిలుస్తుంటే వినపడదా?"

"వినపడింది. ఈవిడ చెప్పడం ఇంకా అవలేదు."

"డ్రైవరుకు దగ్గు కషాయం కావాలి."

"బీరువాలో మూడో అర. సీసా మీద రాసి ఉంది. రోజుకు రెండు పూటలని చెప్పండి. ఆ దగ్గు రెండు నెలలు దాటింది కాబట్టి ఛాతీ పరీక్ష చేయించుకోమనండి."

ఆయన ఎన్నడూ తన చేత్తో సీసా తీసి ఎరగడు. గుమ్మంలో అలాగే నిలబడి నలుగురినీ చూశాడు. తర్వాత తల్లిని చూశాడు.

"అమ్మా, నువ్వేంటి ఇక్కడ?"

"కూర్చున్నాన్రా."

"ఇది వంటిల్లా, ఆసుపత్రా?"

"పద్దెనిమిదేళ్ళుగా రెండూనండీ" అంది లోపలమ్మ. గొంతు పెంచలేదు. పెన్ను కింద పెట్టలేదు.

ఆయన మొహం నల్లబడింది. దర్జీ ఆవిడ కళ్ళు దించుకుంది. "సరే. ఇవాళ్టి నుంచి నీది నీది, నాది నాది. ఈ తలుపు ఇటు తెరుచుకోదు. రేపు ఏదైనా తేడా వచ్చి ఏడుస్తూ వస్తే నాకు సంబంధం లేదు" అన్నాడు.

తలుపు గట్టిగా పడింది. గోడ మీది జల్లెడ ఊగింది. అటువైపు గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

ఆమె కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. ఆ తలుపు చప్పుడైతే లేవడం వాటికి అలవాటు. బలవంతాన కూర్చుంది. మూసిన తలుపును చూసింది, ఆ తర్వాత తను ఉన్న వైపు చూసింది. నలుగురు ఆడవాళ్ళు, పొయ్యి, పొడుల సీసాలు, కల్వం, సందులోకి తెరిచి ఉన్న వాకిలి. అన్నీ ఇటే ఉన్నాయి.

అత్తగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. నెమ్మదిగా మధ్య తలుపు దాకా నడిచింది. ఇటువైపు ఉన్న గడియను, తుప్పు పట్టి బిగుసుకున్నదాన్ని, రెండు చేతులతో కదిపి కదిపి లాగి పెట్టింది.

"వాడు అటు వేసుకున్నాడు. మన మాటలు అటు పోకుండా ఇటు మనమూ వేసుకుందాం" అంది.

దర్జీ ఆవిడ లేచి, "మీరు కూర్చోండి పెద్దమ్మా, నేను ఆగుతాను" అని స్టూలు ఖాళీ చేసింది. అత్తగారు దాని మీద కూర్చుని, గాజులు మోచేతి వైపు తోసుకుని, కోడలి ముందు చెయ్యి చాపింది.

"నాకు వాతం కాదమ్మాయ్. అడుగు, చెబుతాను."